బండి యిండ్లవారి సంఘము
కర్మాగారమున తయారై బండిపై వచ్చు యిండ్లు అమెరికాలో కలవు. వానిని మరల తరలించుట మిక్కిలి వ్యయము. కావున స్థలము పరునిదైనచో అద్దె పెంచినను కదలలేరు. న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి మెరెడిత్‌లో 1984వ సంవత్సరమున 13 కుటుంబములవారు సంఘముగా నేర్పడి, ఋణము తెచ్చి, ఆ భూమిని కొనిరి. ఇల్లు ఎవరిది వారిదే, భూమి సంఘమునది.

ఇట్టి సంఘములలో ఇంటి కొక్క వోటు. ఎన్నికైన డైరెక్టర్లు జీతము లేకయే అద్దె, నీరు, బాటలు, లెక్కలు చూచుచుందురు. చిక్కు ఇచ్చటనే కలదు. భారమంతయు ఒకరిద్దరిపై బడినచో వారు విసిగి మానుకొందురు. అప్పుడు పని తెలిసిన వేరొకరుండరు. కావున పనిని ఉపసంఘములకు పంచి, క్రొత్తవారికి ముందుగనే నేర్పవలెను.

మన పరపతి సంఘములకును ఇదియే పాఠము. మహాజనసభకు రాక, లెక్కలడుగక, పిదప కార్యదర్శిని నిందించిన ఫలమేమి? రైతు సోదరులారా! రాబోవు సభలో తలకొక పని చేకొనుడని కోరుచున్నాము.