తొలి ఉపగ్రహాల మంచు లెక్కలు ఎంతవరకు నిజం?

1972 డిసెంబరులో ప్రయోగించిన నింబస్-5 ఉపగ్రహం, సముద్రపు మంచు నుంచి సహజంగా వెలువడే సూక్ష్మతరంగాలను కొలిచింది. చీకటిలోనూ, మేఘాల మాటునుంచీ మంచు జాడ తెలిసింది. అయితే అది ఒకే పౌనఃపున్యాన్ని వాడేది. కొత్త మంచు కన్నా పాత మంచు తక్కువ తరంగాలను వెలువరిస్తుంది. దాంతో గట్టి పాత మంచును, నీటితో కలిసిన కొత్త మంచుగా పొరబడే వీలుంది. వేసవిలో మంచుపై నిలిచే కరుగునీటి మడుగులు కూడా సముద్రంలాగే కనిపిస్తాయి.

అందుకే శాస్త్రవేత్తలు విమానాల నుంచి తీసిన కొలతలతో, 1975-76లో బ్యూఫోర్ట్ సముద్రపు మంచుపై వేసిన శిబిరాల పరిశీలనలతో వాటిని పోల్చిచూశారు. 1978లో వెళ్లిన నింబస్-7 అయిదు పౌనఃపున్యాలతో మంచు రకాలను మెరుగ్గా వేరుచేసింది. 1987లో దాని తర్వాతి పరికరంతో కలిసి పనిచేసిన కొద్దివారాల కొలతలే రెండింటినీ సరిచూసే వంతెన అయ్యాయి. ఆ సరిచూపు లేకపోతే, పరికరం మారినందువల్ల వచ్చిన తేడాను మంచు తరిగినట్లో, పెరిగినట్లో భ్రమపడే ప్రమాదం ఉండేది.