ప్రాత కారులో నీరు మార్చుట



వైశాఖమాసపు టెండలో సారపాకనుండి పాల్వంచకు పోవు బాటప్రక్కను, ముందరి రేకుమూత పైకెత్తుకొని, ఆవిరి క్రక్కుచు నిలిచిన కారును మీలో చూడనివారుండరు. చోదకుడు చెట్టునీడను కూర్చుండి తువాలుతో విసరుకొనుచుండును. పిల్లలు బిందెలతో నీటికై పరుగెత్తుదురు. వినోదముగా దోచు నీ దృశ్య మన్నివేళల వినోదము కాదు. మన్యపు పల్లెలనుండి భద్రాచలపు టాసుపత్రికి రోగులను తెచ్చు బండ్లలో ప్రాతవియు గలవు. ప్రసవవేదన పడుచున్న స్త్రీ వెనుక పీటపై నుండగా బండి నడిత్రోవలో నుడికినచో, నా యరగంట యెంత విలువ గలదో చెప్పనక్కరలేదు. అట్లుడుకుటకు గారణము పెక్కుమారులు యంత్రపు దోషము కాదు, అందు పోసిన నీటి దోషమే. కావున నా నీటిని విడిచి, లోపల కడిగి, క్రొత్తది పోయు విధమును వ్రాయుచున్నాను.

పెట్రోలు మండగా బుట్టు వేడిలో నించుమించు మూడవవంతు మాత్రమే బండిని నడపుట కుపయోగపడును. మరియొక వంతు పొగగొట్టమున బోవును. మిగిలినదానిలో నధికభాగమును నీరు మోసికొనిపోవలెను. యంత్రపు గోడలలోని సందులందు దిరిగి కాగిన నీరు, ముందరనున్న రేడియేటరులోని సన్నని గొట్టములగుండ బోవుచు గాలికి జల్లారి, పంపుచే మరల లోనికి బోవును. తొలినాళ్ల బండ్లకు రేడియేటరు లేదు. 1888వ సంవత్సరము ఆగష్టు మాసమున జర్మనీ దేశమందు బెర్తా బెంజి యను నామె, తన భర్త నిర్మించిన మూడుచక్రముల బండిపై నిద్దరు కుమారులతో మాన్‌హైమునుండి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము పోయెను. నీరంతయు నావిరియై పోవుచుండుటచే నామె దారిపొడవున పలుమారులు నీరు పోయవలసివచ్చెను. 1901లో మైబాకు అను శిల్పి మెర్సిడెస్ బండికి తేనెపట్టువంటి రేడియేటరు నమర్చిన పిమ్మట, కొలది నీటితోనే పెద్ద యంత్రమును జల్లార్చుట సులభమయ్యెను.

నీరు పోసిన చాలునుగదా, యే నీరైన నేమి యని చాలమంది తలంచుచున్నారు. ఇంటిలో బోరునీరు కాచు గిన్నె యడుగు చూడుడు. కొన్ని మాసములకే తెల్లని పెచ్చు గట్టియుండును. వాననీరు నేలలో దిగునపుడు సున్నపురాతి యంశమును గరగించుకొనును. ఆ నీటిని గాచినపుడు కరగియున్న యంశము బొగ్గుపులుసు గాలిని విడిచి, సుద్దగా మారి యడుగంటును. ఆ పెచ్చులో నొక తునకను గీకి, నిమ్మరసపు చుక్క వేసిచూడుడు. బుసబుసమని బుడగలు లేచును. మీ తల్లిగారి యనుమతితో నింటనే చేయదగిన ప్రయోగమిది.

గిన్నెనైన దోమి శుభ్రపరుపవచ్చును. యంత్రపు గోడల సందులను దోముట యెట్లు? అచ్చటను ఇదే పెచ్చు కట్టును. పైగా ఇనుము త్రుప్పు పట్టి, ఆ త్రుప్పు బురదయై రేడియేటరు గొట్టములను మూయును. సుద్దపెచ్చు వేడిని లోహమువలె సాగనీయదు. కావున లోపలి ఇనుము మాడుచున్నను నీటికి దాని వేడి చక్కగా నందదు. కారు ప్రతిదినమును గొంచెము గొంచెముగా నుడుకుటకు సిద్ధపడుచుండును. కనుమ నెక్కునాడు మాత్రమే అది మనకు తెలియవచ్చును.

ఇందులకే కూలెంటు ఏర్పడినది. దానిలో ముఖ్యద్రవ్యము ఎథిలీన్ గ్లైకాలు. శీతదేశములలో నీరు గడ్డకట్టి యంత్రము పగులకుండుటకై దీనిని వాడసాగిరి. మనకు మంచు భయము లేదు గనుక నిది యేల యని యడుగువారు కలరు. దానిలో గలిపిన త్రుప్పునివారక ద్రవ్యములే మనకు గావలసినవి. సగము నీరు సగము గ్లైకాలు గల మిశ్రమము సుమారు 107 డిగ్రీల సెంటిగ్రేడువరకు మరుగదు. ఇదియు మనకు లాభమే. అయినను కూలెంటు హెచ్చిన కొలది మేలని సగమునకు మించి పోయరాదు. వేడిని మోయుటలో గ్లైకాలుకంటె నీరే మిన్న.

ఇక పనిలో దిగుదము. మొదటి నియమము మరువరానిది: యంత్రము పూర్తిగా చల్లారనిదే రేడియేటరు మూత ముట్టరాదు. ఒకమారు చింతూరు దాటి మారేడుమిల్లి కనుమ నెక్కుచుండగా నే నెక్కిన యద్దెకారు ఉడికెను. చోదకుడు తొందరపడి తడిగుడ్డతో మూత త్రిప్పెను. కాగిన నీరు నిలువెత్తున జిమ్మి యాతని ముంజేయి తోలూడెను. మూత బిగువున లోపలి నీరు నూరు డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత వదలిన క్షణమున, కుక్కరు మూత తెరచినట్లే, అందు గొంత నీరొక్కమారుగా నావిరియగును. కావున రాత్రియంతయు బండిని నిలిపి, ప్రొద్దుటనే పని మొదలిడుట మేలు.

బండిని సమతలమున నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, క్రింద వెడల్పయిన తొట్టి నుంచవలెను. మూత తీసి, రేడియేటరు అడుగునగల చిన్నకుళాయిని విప్పవలెను. అది లేనిచో క్రింది రబ్బరు గొట్టము పట్టీని వదల్చవలెను. 1957 మొదలు 2014 వరకు మన దేశమున దయారైన అంబాసిడరువంటి కొన్ని ప్రాతబండ్లలో యంత్రపు ప్రక్కనుకూడ నొక కుళాయి యుండును. దానిని విప్పనిచో లోపలి బురద లోపలనే యుండును. దిగిన నీటి రంగు చూడుడు. మట్టిరంగైనచో త్రుప్పు. నూనెతెట్టు గలిగి మజ్జిగవలె నున్నచో పైతల సందుననున్న గాస్కెట్టు చెడియుండవచ్చును. అప్పుడు కడుగుట మాని మేస్త్రీని బిలువవలెను.

తరువాత పైనుండి మంచినీరు పోయుచు, క్రింద దేటనీరు వచ్చువరకు గడుగవలెను. రేడియేటరును వేరుగ క్రిందినుండి పైకి మెల్లని ధారతో గడిగినచో నడ్డుపడిన బురద తేలికగా విడివడును. ధార బలముగా నుండరాదు. ప్రాతగొట్టముల యతుకులు విడిపోవును. నిమ్మరసము సుద్దను గరగించెనుగదా యని పులుసునో, ఆమ్లమునో యంత్రములో పోయుదురేమో! వలదు. సుద్దతోపాటు అల్యూమినియమును నది తినివేయును.

రబ్బరు గొట్టములను వ్రేళ్లతో నొక్కిచూడుడు. పెళుసైనను, ఉబ్బినను, బీటలువారినను మార్చవలెను. కుళాయిలు మూసి, కూలెంటును బాటరీలలో పోయు డిస్టిల్డు వాటరుతో గలిపి మెల్లగా నింపవలెను. త్వరపడినచో గాలిబుడగలు చిక్కుకొనును. మూత వేయకయే యంత్రమును నడపగా, సుమారు 80 డిగ్రీలు దాటినపుడు థర్మోస్టాటు అను తలుపు తెరచుకొనును. అపుడు బుడగలు పైకివచ్చి మట్టము దిగును. మరల నింపి మూత బిగింపవలెను. రెండవనాటి యుదయమున చల్లని యంత్రముపై మట్టము మరల చూడవలెను. ఆకుపచ్చ కూలెంటులో ఎఱ్ఱనిదానిని గలుపరాదు. రంగు నమ్మదగిన గుర్తును గాదు. బండి పుస్తకమున జెప్పిన రకమునే కొనవలెను. పూర్వపురకము రెండేండ్లకొకమారు మార్చవలెను.

తీసిన ప్రాతద్రవమును గూర్చి తల్లిదండ్రులు శ్రద్ధగా చదువ గోరుచున్నాను. గ్లైకాలు తియ్యగా నుండును. ఆ తీపికి కుక్కలు, దూడలు మూతి పెట్టును. పసిపిల్లలు వ్రేలు ముంచి నాకుదురు. కడుపులో జేరినపిమ్మట నది ఆగ్జాలిక్కామ్లముగా మారి, మూత్రపిండములలో స్ఫటికములై వానిని జెరచును. కొలదియే ప్రాణము దీయగలదు. మొదట మత్తువలె మాత్రమే కానవచ్చుటచే ఇంటివారు మోసపోదురు. ఎవరైన త్రాగినచో లక్షణములకై వేచియుండక, డబ్బాతో సహా వెంటనే యాసుపత్రికి గొనిపోవలెను. దీనిని మురుగుకాలువలోగాని, చెలమ ప్రక్కనుగాని, గోదావరి యొడ్డునగాని పారబోయరాదు. పానీయముల సీసాలలో నెన్నడును బోయరాదు. మూతగల డబ్బాలో బోసి, పైన విషమని పెద్దయక్షరములతో వ్రాసి, అట్టి వ్యర్థములను బుచ్చుకొను మరమ్మతుశాలకు జేర్పవలెను. నేల నొలికినదానిపై నిసుక చల్లి, ఆ యిసుకనుగూడ నెత్తి, నీటితో కడిగిన పిమ్మటనే తొట్టిని పశువులుండు తావునకు దేవలెను.