కంపెనీ పన్నుల విద్య – మన విద్యార్థులు

పల్నాటిలో పన్ను అనగానే పెద్దలకు పుల్లరి జ్ఞప్తికి వచ్చును. అడవిలో పశువులను మేపుకొన్నందుకు విధించిన ఆ పన్నును ఎదిరించి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణములు అర్పించెను. అది పరాయి ప్రభుత్వపు పన్ను. నేటి పన్ను మన పార్లమెంటు చేసిన శాసనము వలన పుట్టుచున్నది. దానిని న్యాయముగా లెక్కించుట ఒక విద్య. అది ఎందరికో జీవనోపాధి. ఆ విద్యలో మన విద్యార్థులకు స్థానము కలదా అనునదే ఈ వ్యాస విషయము.

పని స్వరూపము

1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారము ఆరంభమైన నాటి నుండి ఈ పరిశ్రమ మనకు పరిచితమే. కనుక ఏదేని ఒక సిమెంటు కంపెనీ తన బట్టీపై కోటి రూపాయలు వెచ్చించినదని ఊహింతము. అరిగిన ఇటుకలను మార్చినచో అది మరమ్మతు. మొత్తము సొమ్మును ఆ యేటి ఆదాయము నుండి తీసివేయవచ్చును. క్రొత్త బట్టీ కట్టినచో అది మూలధన వ్యయము; యంత్రములకు వర్తించు తరుగుదల సాధారణముగా ఏటికి 15 శాతము, అనగా మొదటి యేడు 15 లక్షలు మాత్రమే. 22 శాతము రేటును ఎంచుకొన్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్సులతో కలిపి పన్ను 25.17 శాతమగును. ఒక్క మాటకు అర్థము మారినందున ఆ యేటి పన్నులో సుమారు 21 లక్షల భేదము వచ్చినది! కావున ఈ వృత్తికి గణితముకన్న ముందు కావలసినది వాక్యమును శ్రద్ధగా చదువు శక్తి.

ప్రవేశ మార్గము

ఇంటర్మీడియట్ చదివినవారు చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షతో ఆరంభింపవచ్చును. 55 శాతము మార్కులతో బి.కాం. ఉత్తీర్ణులైనవారు నేరుగా ఆ కోర్సు ఇంటర్మీడియట్ దశలో చేరవచ్చును. 2023 నూతన విధానము ప్రకారము ఆర్టికల్ శిక్షణ రెండు సంవత్సరములు. ఉద్యోగమిచ్చువారు మార్కులతోబాటు ఈ శిక్షణలో ఏమి నేర్చితిరని తప్పక అడుగుదురు. కావున పన్నుల పని అధికముగా నుండు ఆడిటరు వద్ద చేరుట మేలు.

ఎదుగుదల – నాయకత్వము

తొలి మెట్టు మీద లెక్కలు సరిచూచుట, ముందస్తు పన్నును జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీల వాయిదాలకు సిద్ధపరచుట. రెండవ మెట్టు మీద నోటీసులకు సమాధానములు వ్రాయుట, అప్పీళ్లు నడుపుట. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ వరకు చార్టర్డ్ అకౌంటెంటు స్వయముగా వాదింపవచ్చును. పై మెట్టు మీద విభాగాధిపతి. "ఈ మినహాయింపు మనకు చెల్లదు" అని యజమానికి నిర్భయముగా చెప్పగలవాడే అచట నిలుచును. క్రింది వారి తప్పును తనదిగా స్వీకరించి, వారికి పని నేర్పువాడే నాయకుడు. చదువుకు అంతము లేదు: 1961 చట్టము స్థానములో 536 సెక్షన్ల నూతన చట్టమును పార్లమెంటు 2025లో ఆమోదించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించినది. పాత సెక్షన్లను కంఠస్థము చేసినవారు సైతము మరల పుస్తకము తెరువవలసినదే.

ఒక విన్నపము

కొన్నేండ్ల క్రిందట సున్నపు బట్టీ కూలీ కుమార్తె యొకతె, "సార్, నేను సి.ఏ. చదువవచ్చునా?" అని నన్నడిగినది. "అది ఆంగ్ల మాధ్యమము వారి చదువమ్మా" అంటిని. ఆమె మరల అడుగలేదు. ఆ పరీక్షలు ఆంగ్లము, హిందీలలోనే జరుగుట నిజము. అయితే ఆంగ్లము నేర్చుకొనదగిన భాషయే గాని దాటరాని గోడ కాదు. ఆనాడు నేను చెప్పవలసిన మాట అది.

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, తనిఖీ – తెలుగు లెక్కల పుస్తకములోని ఈ మాటలన్నియు ఉర్దూ ఇంటి మాటలే. లెక్కల భాష మీకు పుట్టుకతో వచ్చినది; చట్టపు భాషను కష్టించి సంపాదింపుడు. కళాశాల కమిటీ పెద్దలు సాయంకాలమున ఒక గంట వాణిజ్యాంగ్ల తరగతికి, గ్రంథాలయమున నూతన చట్టపు ప్రతులకు ఏర్పాటు చేయింతురని ఆశించుచున్నాను. మరియొక విద్యార్థిని వచ్చి అడిగిన దినమున "చదువవచ్చునమ్మా, రేపే ఆరంభింతము" అని చెప్పు భాగ్యము మాకు కలుగవలెను.