రక్తపోటు తగ్గినప్పుడు గుండె లయ మాత్రలు

గత రంజాన్‌కు ముందు మా సంఘం నడిపిన ఉచిత వైద్య శిబిరానికి డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఒకప్పుడు దర్జీ పని. ఐదు పూటలా మస్జిద్‌కు నడిచే వెళ్తారు. బీపీ చూస్తే 96/60 ఉంది. నాడి మాత్రం నిమిషానికి 140 దాకా, ఒక వరుస లేకుండా కొట్టుకుంటోంది. "మాత్రలు వేసుకుంటున్నారా చాచా?" అని అడిగాం. "ఎక్కడ బాబూ! సజ్దా నుంచి లేస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ పడిపోయిందన్నారు. పది రోజులుగా అన్నీ ఆపేశా" అన్నారు. అన్నీ అంటే గుండె వేగం తగ్గించే మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర, ఒంట్లో నీరు లాగే మాత్ర, ప్రోస్టేట్ మాత్ర. నాలుగూ ఒకే డబ్బాలో ఉండేవి, డబ్బా మూత పెట్టేశారు. ఆపాక కళ్లు తిరగడం తగ్గిందా అంటే, లేదు, పైగా ఆయాసం కూడా మొదలైందన్నారు. ఆ రోజే ఆసుపత్రికి పంపించాం.

ఇలాంటివారు మా శిబిరాల్లో ఏటా కనిపిస్తూనే ఉన్నారు. అందుకే ఈసారి సంచికలో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం.

చాచాకు ఉన్న జబ్బు పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా అదురుతూ ఉంటాయి. ఆ అదురుపాటు కింది గదులకు చేరి నాడి ఎగుడుదిగుడుగా, వేగంగా నడుస్తుంది. కుళాయి కింద బిందె పెట్టి సగం నిండకముందే తీసేస్తూ పోతే ఇంటికి చేరే నీళ్లెన్ని? నిమిషానికి 140 సార్లు కొట్టుకునే గుండె సంగతీ అంతే. నిండే సమయం దొరకదు కాబట్టి ముందుకు నెట్టే రక్తం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. అంటే బీపీ తగ్గడానికి కారణం ఒక్కోసారి మాత్ర కాదు, అదుపు తప్పిన లయే. అప్పుడు మాత్ర ఆపితే జబ్బుకు దారి వదిలినట్టే. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి మానేస్తే నాడి ఒక్కసారిగా దూకుతుంది, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి ఛాతీ నొప్పి కూడా రావచ్చు.

మాత్ర వల్లే బీపీ తగ్గే మాట కూడా నిజమే. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్ నాడినీ తగ్గిస్తాయి, బీపీనీ తగ్గిస్తాయి. డిగాక్సిన్ బీపీని తగ్గించదు. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ లోకానికి వివరించిన డిజిటాలిస్ మొక్కల జాతి నుంచే ఈ మందు వచ్చింది. బీపీ తక్కువగా ఉన్నవారికి డాక్టర్లు ఒక్కోసారి దీన్ని ఎంచుకునేది అందుకే. కానీ మూత్రపిండాలు మందగించినా, ఒంట్లో నీరు తగ్గినా అది రక్తంలో పేరుకుపోతుంది. వికారం, అన్నం సహించకపోవడం, చూపు పసుపుగా కనిపించడం, నాడి మరీ నెమ్మదించడం దాని గుర్తులు. ఇక అపిక్సాబాన్, రివరాక్సాబాన్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులకు బీపీతో సంబంధమే లేదు. అవి పై గదుల్లో గడ్డకట్టిన రక్తం మెదడుకు వెళ్లి పక్షవాతం రాకుండా కాపాడతాయి. బీపీ తగ్గిందని వీటిని ఆపడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అయితే ఇవి వాడేవారికి మలం నల్లగా తారులా వస్తూ బీపీ తగ్గితే లోపల రక్తస్రావం జరుగుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు ముందుగా వెతికేది డబ్బాలోని మిగతా మాత్రలను. ఆమ్లోడిపిన్‌కు లయతో పని లేదు, బీపీ కోసం వేసుకునేది. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ నిలబడగానే బీపీని దించగలదు. నీరు లాగే మాత్రలు, షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్ వంటివి కూడా ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. పక్కింటివారు చెప్పారని తెచ్చుకున్నవి, చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచేవి కూడా ఉంటాయి. వాటినీ డాక్టరుకు చూపించాలి. చీటీ రాసుకెళ్లడం కన్నా డబ్బానే సంచిలో వేసుకెళ్లడం మేలు. వీటిలో ఒకటి తగ్గించో, వేళ మార్చో సరిచేస్తే లయ మాత్రను ముట్టుకోవలసిన అవసరమే చాలాసార్లు రాదు.

ఇంట్లో బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూడండి. నాడి వరుస తప్పినవారికి యంత్రం ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతుంది. కాబట్టి మూడుసార్లు చూసి సగటు రాసుకోవాలి. తర్వాత లేచి నిలబడి, ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే సజ్దా నుంచి లేచేటప్పుడు కళ్లెందుకు తిరుగుతున్నాయో అర్థమవుతుంది. నాడిని పావు నిమిషం లెక్కించి నాలుగింతలు చేయడం ఈ జబ్బులో పనికిరాదు, నిండు నిమిషం లెక్కపెట్టాలి. మన పాత హకీములు మణికట్టు పట్టుకుని అంతసేపు కూర్చునేవారంటే ఊరికే కాదు!

నాడి 70కి దిగలేదని కంగారు పడి మోతాదు పెంచమని అడిగేవారూ ఉన్నారు. 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన రేస్ 2 పరిశోధనలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి 110 లోపు ఉంచినవారు 80 లోపు ఉంచినవారికన్నా నష్టపోలేదని తేలింది. బీపీ తక్కువగా ఉన్నవారికి ఇది ఊరట. తక్కువ మోతాదుతో సరిపెట్టే వీలు డాక్టరుకు దొరుకుతుంది. పై అంకె 90 కన్నా, నాడి 50 కన్నా తగ్గితే ఆ పూట మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేయమని చాలామంది డాక్టర్లు చెబుతారు. మీకు వర్తించే అంకెలు మీ డాక్టరు చేతనే కాగితం మీద రాయించుకోండి.

రంజాన్‌లో ఈ లెక్కలన్నీ మారతాయి. మన ప్రాంతంలో రోజా 13, 14 గంటలు. ఆ మధ్యలో నీటి చుక్క ఉండదు. నీరు లాగే మాత్రను సహరీలో వేసుకుంటే మధ్యాహ్నానికే ఒళ్లు తూలుతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునే మందులు ఇఫ్తార్‌కూ సహరీకీ సర్దితే మధ్య విరామం ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి అవుతుంది. రోజుకొకటి సరిపోయే మాత్రకు మార్చడం కొందరికి వీలవుతుంది. రివరాక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలి కాబట్టి ఇఫ్తార్ భోజనంతో సరిపోతుంది. నెమ్మదిగా కరిగే మాత్రలను నూరకూడదు. ఈ మార్పులు షాబాన్ నెలలోనే డాక్టరుతో మాట్లాడుకోవాలి, చాంద్ కనబడ్డాక కాదు. జబ్బుతో ఉన్నవారు ఆ రోజాలను వేరే రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని అల్ బఖరా అధ్యాయం 184, 185 ఆయతుల్లో అనుమతి ఉంది. తగ్గే ఆశ లేని జబ్బులో ఫిద్యా సంగతి ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును అవమానంగా తీసుకునే పెద్దలను చూస్తే మాకు బాధ కలుగుతుంది.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, చల్లని చెమటలు, కూర్చున్నచోటే ఆయాసం ఉన్నా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా బీపీ యంత్రం కోసం వెతకవద్దు. 108కి ఫోన్ చేయండి.

చాచా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నీరు లాగే మాత్ర సగం చేశారు. ప్రోస్టేట్ మాత్ర మార్చారు. గుండె మాత్ర చిన్న మోతాదుతో మళ్లీ మొదలైంది. రక్తం పలచబరిచే మాత్రను ఈసారి వేరే డబ్బాలో పెట్టి కోడలు తన దగ్గర ఉంచుకుంది. ఆ రంజాన్‌లో రోజాలు వద్దన్నారని చాచా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తరావీహ్‌కు మాత్రం వచ్చారు. వరుస చివర కుర్చీ వేశాం. మొదటి రోజు కుర్చీని పక్కకు జరిపి నిలబడ్డారు, రెండో రోజు కూర్చున్నారు.