సేంద్రియ అణువుల అచ్చులో వెండి తీగ

కంసాలి వెండి తీగను తీయునపుడు కమ్మచ్చు రంధ్రములగుండ దానిని లాగును. రంధ్రము సన్నమైన కొలది తీగయు సన్నమగును. కాని వెంట్రుకలో వేలవ వంతు మందము గల తీగ కావలెనన్న ఈ పద్ధతి పనికిరాదు. అట్టి తీగను సేంద్రియ అణువుల అచ్చున పెంచవచ్చును. ఆ విధము నిచట తెలుపుచున్నాము.

మీటరును 100 కోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. పదులు, వందల నానోమీటర్ల మందము గల లోహపు పోగును నానోతీగ యందురు.

1998లో ఇజ్రాయెల్ దేశమున హైఫా నగరమందలి టెక్నియాన్ సంస్థలో ఎరెజ్ బ్రౌన్, యోవ్ ఐఖెన్, ఉరి సివాన్ మొదలగువా రిట్టి తీగను చేసిరి. జీవకణములలోని డి.ఎన్.ఏ. యను పొడవైన అణువును రెండు బంగారు కొనల నడుమ వంతెనవలె కట్టిరి. డి.ఎన్.ఏ.కు ఋణ విద్యుదావేశము, వెండి అయానులకు ధన విద్యుదావేశము కలవు. కనుక వెండి వచ్చి పోగును పట్టుకొనెను. పిదప, ఫోటో ఫిలిము కడుగుటకు వాడెడి హైడ్రోక్వినోనుతో ఆ అయానులను లోహముగా మార్చిరి. వెండి రేణువులు ఒకదానికొకటి కలిసి సుమారు 100 నానోమీటర్ల తీగ యయ్యెను. వెండి లేని పోగులో విద్యుత్తు ప్రవహింపలేదు. వెండి పట్టిన పోగులో ప్రవహించెను.

2003లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమున మెయిటల్ రెచెస్, ఎహుద్ గజిత్ అను వారు వేరొక దారి చూపిరి. మాంసకృత్తుల భాగములైన అమైనో ఆమ్లములు రెండేసి కలిసిన చిన్న అణువులు నీటిలో తమంతట తామే గొట్టములుగా నేర్పడును. ఆ గొట్టములలో వెండిని నింపి, పిమ్మట ఎంజైముతో గొట్టమును కరగించిరి. సుమారు 20 నానోమీటర్ల తీగ మిగిలెను. ఆదిలాబాదు డోక్రా పనివారును లోహము గట్టిపడిన పిదపనే మట్టి అచ్చును పగులగొట్టుదురు. రెంటి సూత్రమొక్కటియే.

మిక్కిలి చిన్న విద్యుత్ పరికరములకు ఇట్టి తీగలు కావలెనని ఈ పరిశోధనలు సాగినవి. తీగ సన్నమైనను అందలి వెండి వెండియే. నానో యనునది కొలత పేరే గాని మేలిమికి గుర్తు కాదు. వెండి అయానులు సూక్ష్మజీవులను చంపును; చెరువున చేరిన నీటి ప్రాణులకును హాని చేయును. కావున నానో పేర నీటి వడపోత సాధనము నెవరైన అమ్మవచ్చినచో, అందలి లోహమేది, అది నీటిలోనికెంత దిగును, పరీక్షించిన దెవరు, పాడైన దానిని ఎచట వేయవలెను అని సభ్యులు అడుగవలెను. సమాధానములు వ్రాతపూర్వకముగా వచ్చిన పిదపనే పంచాయతీ ధనమును వెచ్చింపవలెను.