ఎడారిలో ఇల్లు కొనేముందు ఒక జూలై అక్కడ గడపండి

పాతికేళ్లు, ముప్పై ఏళ్ల కిందట ఉద్యోగాల కోసం అమెరికా వెళ్లినవాళ్లు ఇప్పుడు రిటైర్మెంట్ దగ్గరకొచ్చారు. చలికాలమంతా మంచు ఎత్తిపోసి విసిగిపోయి అరిజోనా, నెవాడా, న్యూమెక్సికో, దక్షిణ యూటా వైపు చూస్తున్నారు. అక్కడ స్థిరపడటం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మావారు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. ఫిబ్రవరిలో ఫీనిక్స్ వెళ్లి వారం రోజులున్నాం. ఎండ హాయిగా అనిపించింది. నా మోకాళ్ల నొప్పులూ తగ్గినట్టున్నాయి. అక్కడే ఇల్లు కొనేద్దామంటున్నారు. మాది పల్నాడు, ఎండలు మాకు కొత్త కాదు. తొందరపడుతున్నామా? - ఒక గృహిణి, న్యూజెర్సీ

జవాబు: తొందరేనమ్మా. రెంటచింతల ఎండ చూసినవారికి ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. కానీ మన దగ్గర రోహిణి కార్తెకు రోళ్లు పగిలినా, మృగశిర రాగానే నాలుగు చినుకులు పడతాయన్న ధైర్యం ఉంటుంది. ఫీనిక్స్‌లో ఎండాకాలం అంత త్వరగా వదలదు. 2023లో అక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీల సెల్సియస్, అంతకుమించి నమోదైంది. 2024లో వరుసగా 113 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 100 ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో వేడి కారణంగా 645 మంది చనిపోయారు.

అసలు బాధ రాత్రిళ్లది. 2023 జూలైలో వరుసగా 16 రాత్రులు ఉష్ణోగ్రత 90 కంటే కిందికి దిగలేదు. తారురోడ్లు, కాంక్రీటు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. అరవై దాటిన ఒంటికి రాత్రయినా కాస్త చల్లదనం దొరక్కపోతే గుండె మీద భారం పడుతుంది. అందుకే అక్కడ ఇల్లు చూసేటప్పుడు వంటగది కంటే ముందు ఏసీ ఎన్నేళ్లదో అడగాలి. వేసవి నెలల కరెంటు బిల్లులు కూడా చూపించమనాలి.

ఆ ఎడారి రాష్ట్రాల్లో ఊరిని ఎంచుకోవడమంటే ఎత్తును ఎంచుకోవడమే. వెయ్యి అడుగులు పైకి వెళితే సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. ఫీనిక్స్ ఎత్తు దాదాపు 1,100 అడుగులు, లాస్ వేగస్ 2,000, టూసాన్ 2,400, యూటాలోని సెయింట్ జార్జ్ 2,800, న్యూమెక్సికోలోని లాస్ క్రూసెస్ 3,900. ఆల్బుకర్కీ, ప్రెస్కాట్ ఐదువేల పైమాటే. శాంటా ఫే, ఫ్లాగ్‌స్టాఫ్ ఏడువేల దగ్గర ఉంటాయి. అక్కడ మంచు కురుస్తుంది కాబట్టి, మీరు తప్పించుకోవాలనుకున్న చలి మళ్లీ ఎదురవుతుంది.

ఒక వేసవిలో నెలన్నర అద్దెకుండి చూడండి. చలికాలపు అతిథులు వెళ్లిపోయి ఉంటారు కనుక అద్దెలు కూడా తక్కువగా ఉంటాయి. తెల్లవారుజామున ఐదింటికి ఎంతమంది నడకకు వస్తున్నారో చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఎండలో ఆపిన కారెక్కి సీటుబెల్టు కొక్కెం పట్టుకోండి, మందుల షాపుదాకా వెళ్లిరండి. అప్పటికీ ఆ ఊరు నచ్చితే నిశ్చింతగా కొనుక్కోండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది, మా ఆవిడకు గుండెకు స్టెంట్ వేశారు. శాంటా ఫే అందంగా ఉంటుందని విన్నాం. మాకు ఏ ఊరు మేలు? - ఒక ఇంజనీరు, మిషిగన్

జవాబు: శాంటా ఫే అందమైన ఊరే. కానీ ఏడువేల అడుగుల ఎత్తులో గాలి పలచన, ఆక్సిజన్ తక్కువ అందుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు కార్డియాలజిస్టు సరేనన్నాకే ఆ ఎత్తుకు మకాం మార్చాలి. న్యూమెక్సికోలో డాక్టర్ల కొరత కూడా ఎక్కువ. పెద్ద వైద్యం కావాలంటే గంట ప్రయాణం చేసి ఆల్బుకర్కీ వెళ్లాల్సి వస్తుంది. మీ ఇద్దరికీ టూసాన్ గానీ, దానికి దక్షిణాన పాతిక మైళ్లలో ఉన్న గ్రీన్ వ్యాలీ గానీ ముందు చూడమంటాను. ఫీనిక్స్ కంటే వేడి కొంచెం తక్కువ, యూనివర్సిటీ ఆస్పత్రి అందుబాటులో ఉంటుంది. వైద్య సదుపాయాలే ముఖ్యమనుకుంటే ఫీనిక్స్‌కు సాటి లేదు. మేయో క్లినిక్ 1987 నుంచీ ఆ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్‌లో ఉంది.

మీకు షుగర్ ఉంది కాబట్టి వ్యాలీ ఫీవర్ సంగతి తప్పక తెలుసుకోండి. అరిజోనా మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఈ జబ్బు తెస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. దగ్గు, జ్వరం, నీరసం వారాల తరబడి ఉంటాయి. మామూలు నిమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ ఇస్తే తగ్గదు. షుగర్ ఉన్నవారిలో ఇది ముదిరే ప్రమాదం ఎక్కువ. కాబట్టి దుమ్ము తుపాను రోజుల్లో తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండండి. దగ్గు తగ్గకపోతే వ్యాలీ ఫీవర్ రక్తపరీక్ష చేయించమని మీరే డాక్టరును అడగండి. ఆ ఊరు వదిలి వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడైనా సరే, ఎక్కడ నివసించారో డాక్టరుకు చెప్పండి.

ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అడ్వాంటేజ్ ప్లాన్లు కౌంటీని బట్టి ఉంటాయి. ఊరు మారితే ప్లాను మారుతుంది, దాంతో డాక్టర్లూ మారతారు. 65 నిండి పార్ట్ బీ మొదలయ్యాక తొలి ఆరు నెలల్లో మెడిగ్యాప్ అనే అదనపు బీమా తీసుకుంటే, ఉన్న జబ్బులు చూపించి కాదనడానికి వీల్లేదు. మీ ఇద్దరి ఆరోగ్యం దృష్ట్యా ఆ గడువు పోనివ్వకండి.

ప్రశ్న: సన్ సిటీ లాంటి 55 ఏళ్లు దాటినవారి కాలనీలో ఇల్లు చూశాం. సెలవుల్లో మనవలు వచ్చి ఉండొచ్చా? - ఒక అమ్మమ్మ, టెక్సస్

జవాబు: రావచ్చు, నిరభ్యంతరంగా. అయితే ఏడాదిలో ఎన్ని రోజులుండొచ్చో ప్రతి కాలనీకీ ఒక హద్దు ఉంటుంది. బిల్డర్ డెల్ వెబ్ 1960 జనవరి 1న ఫీనిక్స్ పక్కన సన్ సిటీని తెరిచినప్పుడు ఈ తరహా ఊళ్లకు దారి వేశారు. గోల్ఫు మైదానాలు, ఈతకొలనులు, క్లబ్బులు, వీధుల్లో గోల్ఫు కార్టులు అక్కడి జీవితం. చట్టప్రకారం ఇలాంటి కాలనీలో మనుషులుంటున్న ఇళ్లలో కనీసం 80 శాతంలో ఒక్కరైనా 55 నిండినవారు ఉండాలి. మీరు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. మీ అబ్బాయికో అమ్మాయికో కష్టమొచ్చి పిల్లలను ఆరు నెలలు మీ దగ్గర ఉంచాల్సి వస్తే నిబంధనలు ఒప్పుకుంటాయా? కాలనీ కట్టుబాట్ల పత్రం సంతకానికి ముందే తెప్పించుకుని, ఆ పేజీ స్వయంగా చదవండి. నెలవారీ రుసుము గత ఐదేళ్లలో ఎంత పెరిగిందో కూడా అడగండి.

ప్రశ్న: ఊరికి దూరంగా రెండెకరాల స్థలంలో ఇల్లు చవకగా వస్తోంది. బావి ఉందంటున్నారు. కొనవచ్చా? - ఒక పాఠకుడు, ఇల్లినాయి

జవాబు: నీటి సంగతి తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. స్కాట్స్‌డేల్ పక్కనే రియో వెర్డే ఫుట్‌హిల్స్ అనే చోట ఖరీదైన ఇళ్లున్నాయి. చాలామందికి నీళ్లు ట్యాంకర్లలో వచ్చేవి. కొలొరాడో నదిలో నీరు తగ్గడంతో స్కాట్స్‌డేల్ నగరం 2023 జనవరి 1 నుంచి ఆ నీళ్లు ఆపేసింది. జనం వాననీళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. దీని వెనక ఒక చట్టపు లొసుగు ఉంది. ఫీనిక్స్, టూసాన్ వంటి నియంత్రిత ప్రాంతాల్లో ఆరు లేదా అంతకుమించి ప్లాట్లు వేస్తే వందేళ్లకు సరిపడా నీరుందని చూపించాలి. ఐదు, అంతకులోపు ముక్కలు చేసి అమ్మితే ఆ అవసరం లేదు.

కాబట్టి నీళ్లిచ్చే సంస్థ ఏదో, దానికి వందేళ్ల హామీ ఉందో లేదో కాగితం మీద చూడండి. అరిజోనాలో బావికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. దానితో రాష్ట్ర జలవనరుల శాఖ రికార్డుల్లో తవ్విన లోతు, అప్పటి నీటిమట్టం తెలుసుకోవచ్చు. ఇప్పుడు మట్టం కొలిపించి రెండూ పోల్చండి. కొలొరాడో నది మీద 2021లో తొలిసారి కొరత ప్రకటించినప్పుడు, ఎక్కువ కోత పడింది అరిజోనాకే. ఇది మర్చిపోకూడదు.

ప్రశ్న: నెవాడాలో ఆదాయపు పన్ను లేదట. అరిజోనాలో ఉంది. మరి లాస్ వేగస్ పక్కన హెండర్సన్ వెళ్లడం మేలా? మా అబ్బాయి మాత్రం ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు. - ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: లెక్క వేసి చూద్దాం. అరిజోనా 2023 నుంచి అందరికీ 2.5 శాతం పన్నే వేస్తోంది, సోషల్ సెక్యూరిటీకి అసలు పన్ను లేదు. మీరు 401-కే రిటైర్మెంట్ ఖాతా నుంచి ఏడాదికి 60,000 డాలర్లు తీసుకుంటే, మినహాయింపులేమీ లెక్కించకపోయినా పన్ను 1,500 దాటదు. 1,500 డాలర్ల కోసం కొడుక్కి ఐదు గంటల ప్రయాణదూరంలో ఉండటం నాకైతే సబబనిపించదు.

చాండ్లర్ చుట్టుపక్కల చిప్ పరిశ్రమ వల్ల మన కుటుంబాలు చాలా ఉన్నాయి. పచ్చళ్లు, పప్పుల దుకాణాలున్నాయి. దగ్గర్లోని మారికోపా పట్టణంలో మహాగణపతి ఆలయం ఉంది. అరిజోనాలో చాలా భాగం గడియారాలు మార్చదు కాబట్టి, ఇండియాలోని అక్కచెల్లెళ్లకు ఫోను చేయాలంటే ఏడాది పొడవునా పన్నెండున్నర గంటల తేడా ఒకటే గుర్తుంటే చాలు. అయితే కొడుకు ఉద్యోగం రేపు ఇంకో రాష్ట్రానికి మారవచ్చు. అతను లేకపోయినా మీరుండగలిగే ఊరైతేనే ఇల్లు కొనండి. లేదంటే అద్దె ఇల్లే మంచిది.

ఈ ఉత్తరాలు రాసినవారందరికీ ఒక మాట. ఇల్లు కొనేది అరవై ఐదేళ్లప్పుడే అయినా, అందులో ఎనభై ఏళ్ల వయసులోనూ ఉండాలి. అప్పటికి చూపు తగ్గి కారు నడపలేకపోవచ్చు, ఇద్దరిలో ఒకరే మిగలవచ్చు. ఆరోజు కూడా ఆస్పత్రికి, కూరగాయలకు, ఒక పలకరింపుకు దారి ఉండే ఊరినే ఎంచుకోండి. ఈ విషయం భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే రియల్ ఎస్టేట్ ఏజెంటుకు ఫోను చేయండి.