మిశ్రమ వ్యర్థాల శుద్ధి: అమెరికా కాంట్రాక్టు విధానం

తక్కువ స్థాయి రేడియోధార్మికతతో పాటు ప్రమాదకర రసాయనాలూ కలిసి ఉన్నవి తక్కువ స్థాయి మిశ్రమ వ్యర్థాలు. అణ్వాయుధ కేంద్రాల్లో పేరుకుపోయిన వీటి శుద్ధిని అమెరికా ఇంధన శాఖ ప్రైవేటు సంస్థలకూ కాంట్రాక్టుకు ఇస్తోంది.

ముఖ్యాంశాలు

• చట్టాలు: రేడియోధార్మిక భాగానికి అణుశక్తి చట్టం (1954), రసాయన భాగానికి వనరుల పరిరక్షణ, పునరుద్ధరణ చట్టం (1976) వర్తిస్తాయి. అందుకే కాంట్రాక్టు సంస్థకు రెండు రకాల అనుమతులూ ఉండాలి.

• 1992: ఫెడరల్ ఫెసిలిటీ కంప్లయన్స్ చట్టం వచ్చింది. మిశ్రమ వ్యర్థాలున్న కేంద్రాలకు ఇంధన శాఖ శుద్ధి ప్రణాళికలు రూపొందించాలి. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు మీరితే ఫెడరల్ సంస్థలపైనా రాష్ట్రాలు జరిమానా వేయొచ్చు.

• కాంట్రాక్టు రకం: ఎంత వ్యర్థం వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి కనీస, గరిష్ఠ పరిమితులు పెట్టి, అవసరమైనప్పుడల్లా వర్క్ ఆర్డర్లు ఇచ్చే పద్ధతి ఎక్కువ.

• శుద్ధి: దహనం, సిమెంటుతో గట్టిపరచడం, గాజుగా మార్చడం. ఇవి రసాయన ముప్పును తగ్గిస్తాయి, వ్యర్థం బయటికి కారకుండా బంధిస్తాయి. రేడియోధార్మికతను మాత్రం నశింపజేయలేవు.

• పూడ్చే చోట్లు: క్లైవ్ (యూటా), ఆండ్రూస్ కౌంటీ (టెక్సాస్), నెవాడా నేషనల్ సెక్యూరిటీ సైట్.

• అణు ప్రమాద పరిహారం: ప్రైస్-ఆండర్సన్ చట్టం (1957).

• భారత్‌లో: అణుశక్తి నియంత్రణ మండలి (1983), రేడియోధార్మిక వ్యర్థాల సురక్షిత తొలగింపు నియమాలు (1987).

తికమక పడొద్దు: న్యూమెక్సికోలోని విప్ కేంద్రం తక్కువ స్థాయి వ్యర్థాలకు కాదు. యురేనియం కంటే బరువైన ప్లుటోనియం వంటి మూలకాలున్న రక్షణ రంగ వ్యర్థాలను అక్కడి ఉప్పు పొరల్లో పూడుస్తారు.

మాదిరి ప్రశ్న: మిశ్రమ వ్యర్థాల్లోని రసాయన భాగానికి వర్తించే అమెరికా చట్టం ఏ సంవత్సరానిది?
1) 1954 2) 1957 3) 1976 4) 1992
జవాబు: 3